జెర్సీ మీద ఎర్ర పువ్వు

2016 నవంబర్ 11న లండన్‌లోని వెంబ్లీ మైదానంలో ఇంగ్లండ్, స్కాట్లండ్ ఫుట్‌బాల్ జట్లు తలపడ్డాయి. ప్రపంచ కప్ క్వాలిఫయింగ్ మ్యాచ్ అది. ఇంగ్లండ్ 3-0తో గెలిచింది. ఆ గోల్స్ ఎవరు కొట్టారో ఇవాళ చాలామందికి గుర్తుండదు. రెండు జట్ల ఆటగాళ్లూ చేతికి కట్టుకున్న నల్ల పట్టీలు, వాటి మీద యుద్ధ మృతుల స్మృతి చిహ్నమైన ఎర్ర పాపీ పువ్వులు మాత్రం గుర్తున్నాయి. రాజకీయ, మత, వ్యక్తిగత నినాదాలూ చిహ్నాలూ ఆటగాళ్ల దుస్తుల మీద ఉండకూడదని ఫుట్‌బాల్ నియమావళి చెబుతుంది. పాపీ కూడా ఆ కోవలోకే వస్తుందని అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా ముందే హెచ్చరించింది. అయినా కట్టుకున్నారు. డిసెంబర్‌లో ఫిఫా ఇంగ్లండ్‌కు 45,000 స్విస్ ఫ్రాంకులు, స్కాట్లండ్‌కు 20,000 జరిమానా వేసింది. ఆ రెండు రోజుల్లోనే తమ మ్యాచ్‌లు ఆడిన వేల్స్‌కు 20,000, ఉత్తర ఐర్లండ్‌కు 15,000 పడింది. ఈ రెండు జట్ల ఆటగాళ్లు కట్టుకున్నవి పువ్వు లేని వట్టి నల్ల పట్టీలే. స్టేడియంలో కనిపించిన పాపీలకు వాళ్ల సంఘాలు మూల్యం చెల్లించాల్సి వచ్చింది.

అప్పటి ప్రధాని థెరెసా మే పార్లమెంటులోనే ఫిఫా మీద మండిపడ్డారు. చచ్చిపోయిన సైనికులను తలచుకోవడం రాజకీయం ఎలా అవుతుందని పత్రికలు నిలదీశాయి. అవుతుంది అనేవాళ్లు కూడా బ్రిటన్‌లోనే ఉన్నారు, వాళ్ల దగ్గరా గట్టి కారణాలున్నాయి. ఏళ్ల తరబడి సాగిన ఈ వాదనను ముందునుంచీ చూసుకుంటూ వస్తే, పువ్వులో రాజకీయం ఉందా లేదా అని తవ్వడం వల్ల దారి దొరకదని నాకు అనిపిస్తుంది. దాన్ని ఎవరు ఎవరికి తొడుగుతున్నారో, వద్దన్న మనిషికి ఏం జరుగుతోందో చూడాలి.

ముందు పువ్వు సంగతి. మన గసగసాల మొక్కకు దగ్గరి చుట్టమైన ఎర్ర పాపీ యూరప్ పొలాల్లో కలుపు మొక్క. దీని గింజలు నేలలో ఏళ్ల తరబడి నిద్రపోయి, మట్టి తిరగబడి వెలుతురు తగిలినప్పుడు మొలుస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండ్లు బెల్జియం, ఫ్రాన్స్ నేలలను తిరగదోడాయి. సమాధుల మధ్య ఎక్కడ చూసినా ఇవే పూశాయి. కెనడా సైనిక వైద్యుడు జాన్ మెక్రే 1915లో వాటి మీద రాసిన కవిత ఇంగ్లిష్ ప్రపంచమంతా పాకింది. అది చదివి కదిలిపోయిన అమెరికన్ మహిళ మొయినా మైకేల్ 1918లో పాపీని స్మృతి చిహ్నంగా ధరించాలని సంకల్పించింది. ఫ్రెంచి మహిళ అన్నా గెరాన్ గుడ్డతో పాపీలు చేయించి అమ్మింది, బ్రిటిష్ లీజియన్‌ను కూడా ఒప్పించింది. ఆ మాజీ సైనికుల సంస్థ 1921లో పుట్టింది, అదే ఏడాది నవంబర్ 11న మొదటి పాపీ దినం జరిపింది. వచ్చిన డబ్బు కాళ్లూ చేతులూ పోయిన సైనికులకు, వాళ్ల కుటుంబాలకు. మన దగ్గర డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినోత్సవం పేరిట బడుల్లో, ఆఫీసుల్లో చిన్న జెండాలు ఇచ్చి చందా తీసుకుంటారే, దాని పని కూడా అదే.

అయితే ఈ పువ్వు మొదటి రోజుల నుంచే అందరినీ ఒక్కలా ఓదార్చలేదు. పువ్వు నడుమ ఉండే నల్ల బొత్తాం మీద చాలా ఏళ్లపాటు హేగ్ నిధి అన్న అక్షరాలు ఉండేవి. 1994 దాకా ఉన్నాయి. ఆ హేగ్ బ్రిటిష్ సేనాధిపతి డగ్లస్ హేగ్. 1916 జులై 1న సోమ్ యుద్ధం మొదటి రోజునే 19,240 మంది బ్రిటిష్ సైనికులు చనిపోయింది ఆయన నాయకత్వంలోనే. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఆ పేరున్న పువ్వును గుండె మీద ఎలా పెట్టుకుని ఉంటుందో ఆలోచిస్తే మనసు చివుక్కుమంటుంది. 1933లో సహకార మహిళా సంఘం వాళ్లు తెల్ల పాపీలు తెచ్చారు. మృతులందరికీ నివాళి, ఇక యుద్ధం వద్దు అన్నది ఆ తెలుపు చెప్పే మాట. పాపీకి ఒకే అర్థం ఉందని, అది అందరికీ సమ్మతమని ఎవరైనా అంటే ఈ స్త్రీలను మరిచిపోయినట్టే.

ఫుట్‌బాల్‌కూ ఆ యుద్ధానికీ ఉన్న సంబంధం ఎవరో అతికించింది కాదు. 1914 నవంబర్‌లో ఎడిన్‌బరో క్లబ్ హార్ట్స్ ఆటగాళ్లు లీగ్‌లో అగ్రస్థానంలో ఉండి కూడా మూకుమ్మడిగా సైన్యంలో చేరారు. యుద్ధం ముగిసేసరికి ఆ క్లబ్ ఏడుగురిని పోగొట్టుకుంది. లండన్‌లో ఆ డిసెంబర్‌లోనే ఫుట్‌బాల్ బెటాలియన్ అన్న పేరుతో ఒక దళం ఏర్పడింది. టాటెన్‌హామ్, నార్తాంప్టన్ క్లబ్బులకు ఆడిన నల్లజాతి ఆటగాడు వాల్టర్ టల్ అందులో చేరి, నల్లవాళ్లకు ఆఫీసర్ హోదా ఇవ్వడానికి సైన్యం ఇష్టపడని రోజుల్లో ఆఫీసరై, 1918 మార్చిలో ఫ్రాన్స్‌లో చనిపోయాడు. ఆయన సమాధి ఎక్కడుందో తెలియదు. ఆ పేర్లు తలచుకుని మైదానంలో ఒక నిమిషం నిలబడడాన్ని తప్పు పట్టే మనసు నాకు లేదు.

కానీ ఒక సంగతి గమనించాలి. ఆ యుద్ధం నుంచి తిరిగొచ్చిన వాళ్లే ఆటగాళ్లుగా, ప్రేక్షకులుగా ఉన్న రోజుల్లో పాపీని జెర్సీ మీద కుట్టే ఆచారం లేదు. నివాళి ఉండేది, మౌనం ఉండేది. జెర్సీ మీదికి పువ్వు వచ్చింది ఈ శతాబ్దంలో, ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల నుంచి శవపేటికలు తిరిగొస్తున్న కాలంలో. వూటన్ బాసెట్ అనే చిన్న ఊరి వీధిలో జనం నిలబడి ఆ పేటికలకు తలలు వంచిన సంవత్సరాలవి. ఆ యుద్ధాల మీద, ముఖ్యంగా ఇరాక్ మీద, దేశం రెండుగా చీలిపోయింది. యుద్ధాన్ని తప్పు పట్టినవాళ్లు కూడా సైనికుణ్ణి గౌరవించాలనుకున్నారు. ఆ అవసరం నిజమైనది. అయితే యుద్ధం మీద ప్రశ్నలు వేసేవాళ్ల నోరు మూయించడానికి కూడా సైనికుడి మీది గౌరవమే వాడకానికి వచ్చింది. పాపీ ఈ రెండింటి మధ్యలో నిలబడింది. కొన్నేళ్లలోనే ప్రీమియర్ లీగ్ క్లబ్బులన్నీ నవంబర్‌లో పాపీ జెర్సీలు తొడగడం, తర్వాత వాటిని వేలం వేసి లీజియన్‌కు డబ్బివ్వడం మామూలైపోయింది. అంతకు ముందే, 2006లో, కెమెరా ముందు పాపీ పెట్టుకోనన్న టీవీ వార్తా వ్యాఖ్యాత జాన్ స్నో ఈ ఒత్తిడికి పాపీ ఫాసిజం అని పేరు పెట్టారు. మాట ఘాటైనదే, కానీ ఆయన చూపించిన ఒత్తిడి లేనిది కాదు.

ఫిఫాతో మొదటి గొడవ 2011 నవంబర్‌లో, స్పెయిన్‌తో ఇంగ్లండ్ మ్యాచ్ ముందు. జెర్సీ మీద పాపీకి ఫిఫా ఒప్పుకోలేదు. అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్, ప్రిన్స్ విలియం రంగంలోకి దిగారు. చివరికి నల్ల పట్టీ మీద పెట్టుకోవచ్చని రాజీ కుదిరింది. ఆ మధ్యలో ఇంగ్లిష్ డిఫెన్స్ లీగ్ అనే ముస్లిం వ్యతిరేక సంస్థ మనుషులు జ్యూరిక్‌లో ఫిఫా కార్యాలయం పైకప్పు ఎక్కి నిరసన తెలిపారు. పువ్వును పెట్టుకున్న కోట్లాది మందికీ వాళ్లకూ పోలిక లేదు. అయినా ఒక చిహ్నాన్ని ప్రధాని, యువరాజు, వీధి రాజకీయాల మూక ఒకే వారంలో భుజాన వేసుకున్నాక దానికి రాజకీయం అంటలేదనడం కష్టం.

ఇక జేమ్స్ మెక్లీన్ దగ్గర ఆగాలి. ఈ వాదనలో అందరికంటే ఎక్కువ దెబ్బలు తిన్న మనిషి ఆయన. ఐర్లండ్ జాతీయ జట్టుకు ఆడాడు. పుట్టి పెరిగింది ఉత్తర ఐర్లండ్‌లోని డెరీ నగరంలో, క్రెగాన్ అనే పేటలో. 1972 జనవరి 30న ఆ నగరంలో పౌరహక్కుల ఊరేగింపు మీద బ్రిటిష్ పారాట్రూపర్లు కాల్పులు జరిపారు. 13 మంది అక్కడికక్కడే చనిపోయారు, మరొకరు తర్వాత. వారిలో ఆరుగురు క్రెగాన్ వాళ్లు. చనిపోయినవాళ్ల వల్ల సైనికులకు ఏ ప్రమాదమూ లేదని తేల్చడానికి ప్రభుత్వ విచారణకు 2010 దాకా పట్టింది. ఆ ఏడాది జూన్‌లో పార్లమెంటులో క్షమాపణ చెప్పింది కామెరానే, మరుసటి ఏడాది పాపీ కోసం ఫిఫాతో పట్టుపట్టిన ప్రధానే.

2012లో సండర్లాండ్‌కు ఆడుతున్నప్పుడు మెక్లీన్ పాపీ లేని జెర్సీతో దిగాడు. చంపుతామని బెదిరింపులు వచ్చాయి. 2014లో విగన్ క్లబ్‌లో ఉండగా యజమాని డేవ్ వీలన్‌కు ఉత్తరం రాసి తన మనసు విప్పాడు. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయినవాళ్లంటే తనకు పూర్తి గౌరవమని, వాళ్ల కోసమే అయితే ఏడాది పొడవునా ధరించేవాడినని, కానీ 1945 తర్వాత బ్రిటన్ చేసిన యుద్ధాల కోసం కూడా ఈ పువ్వు పూస్తోందని, తన ఊరివాళ్ల ముందు దాన్ని పెట్టుకోవడం తన వల్ల కాదని దాని సారాంశం. ఆ తర్వాత ఆయన ఏ క్లబ్‌కు వెళ్లినా, వెస్ట్ బ్రామ్‌కైనా స్టోక్‌కైనా, నవంబర్ వచ్చిందంటే స్టాండ్ల నుంచి తిట్లు తప్పలేదు. సొంత క్లబ్ అభిమానులు కూడా అరిచారు. మెక్లీన్ మాటతీరు కొన్నిసార్లు దురుసే, సోషల్ మీడియాలో అనకూడనివి కూడా అన్నాడు. అంతమాత్రాన ఆయన కారణం చిన్నదైపోదు. ఆయన ఎవరి పువ్వూ తెంపలేదు, ఎవరి మౌనాన్నీ భంగపరచలేదు. తన ఛాతీ మీద వద్దన్నాడు, అంతే.

2018లో మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు నెమాంజా మాటిచ్ కూడా పాపీ తొడగలేదు. సెర్బియా వాడు. 1999లో నాటో విమానాలు తన దేశం మీద బాంబులు వేసినప్పుడు తాను చిన్నపిల్లాణ్ణని, ఆ భయం తనను వదల్లేదని, బ్రిటన్ ప్రజల గౌరవాన్ని తక్కువ చేయాలన్న ఉద్దేశం తనకు లేదని నెమ్మదిగా వివరించాడు. ఈ ఇద్దరి మాటా వింటే తేలేది ఒకటే. పాపీ పెట్టుకోని మనిషి మృతులను అవమానిస్తున్నాడని అనుకోవడానికి ఆధారం లేదు. తన మృతులను కూడా లెక్కలోకి తీసుకోమని అడుగుతున్నాడు.

ఐర్లండ్ కథలో మరో వైపు కూడా ఉంది, దాన్ని దాచకూడదు. మొదటి ప్రపంచ యుద్ధంలో రెండు లక్షల మంది దాకా ఐరిష్‌వాళ్లు బ్రిటిష్ సైన్యంలో పనిచేశారు. స్వాతంత్ర్యం వచ్చాక వాళ్ల జ్ఞాపకం సొంత దేశంలోనే చాలాకాలం అనాథగా మిగిలింది. 1987 నవంబర్ 8న ఉత్తర ఐర్లండ్‌లోని ఎనిస్కిలెన్ పట్టణంలో యుద్ధ స్మారకం దగ్గర సంస్మరణకు చేరిన జనం మీద, బ్రిటిష్ పాలనను ఎదిరించిన సాయుధ సంస్థ ఐఆర్ఎ బాంబు పేల్చి 11 మందిని చంపింది, కోమాలోకి వెళ్లిన మరొకరు ఏళ్ల తర్వాత పోయారు. ఆ ఊరివాళ్లకు పాపీ అంటే సైన్యం కాదు, ఆ ఉదయం నిలబడి ఉన్న తమ ఇరుగుపొరుగు. 2017లో ఐర్లండ్ ప్రధాని లియో వరాద్కర్ ఐర్లండ్ చిహ్నమైన షామ్‌రాక్ ఆకుతో కలిపిన పాపీని పెట్టుకున్నారు. డబ్లిన్‌లో అది సాహసం కిందే లెక్క. ఒకే పువ్వు ఒక ఊళ్లో గాయం, పక్క ఊళ్లో ఊరట అయినప్పుడు, దాన్ని పెట్టుకోమని గానీ తీసెయ్యమని గానీ బయటినుంచి ఆజ్ఞ వేసే హక్కు ఎవరికుంటుంది?

ఫిఫా ఆజ్ఞ వేసింది. దాని తర్కాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. 2016 మార్చిలో ఐర్లండ్ జట్టు ఈస్టర్ తిరుగుబాటు శతాబ్ది చిహ్నంతో స్విట్జర్లండ్ మీద ఆడినందుకు 5,000 ఫ్రాంకుల జరిమానా కట్టింది. బ్రిటన్ మీద తిరగబడిన వాళ్ల స్మృతి రాజకీయమై, బ్రిటన్ కోసం పోరాడిన వాళ్ల స్మృతి రాజకీయం కాకుండా పోతుందా? పోదు కదా. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం మాత్రం పోతుందనే నమ్మింది. 2018లో మాంచెస్టర్ సిటీ కోచ్ పెప్ గార్డియోలా స్పెయిన్‌లో జైలు పాలైన కాటలోనియా స్వాతంత్ర్యవాద నాయకులకు మద్దతుగా పసుపు రిబ్బన్ పెట్టుకుంటే 20,000 పౌండ్ల జరిమానా వేసింది. పాపీ రాజకీయం కాదు, రిబ్బన్ రాజకీయం అని అప్పటి సంఘం అధిపతి మార్టిన్ గ్లెన్ సమర్థించుకున్నారు. నాలుగేళ్ల తర్వాత రష్యా దాడి చేసినప్పుడు ప్రీమియర్ లీగ్ కెప్టెన్లందరూ యుక్రెయిన్ రంగుల పట్టీలు కట్టుకున్నారు. అది మంచి పనే. కానీ దాన్ని తటస్థం అనలేం. మన ఇంట్లో అందరం ఒప్పుకున్నది రాజకీయంగా కనిపించదు, పక్కింటివాడు ఒప్పుకున్నది కనిపిస్తుంది. పాపీ చుట్టూ ఉన్న గందరగోళమంతా ఇదే.

కెనడాలో ఇది మరింత వికారమైన రూపం తీసుకుంది. అక్కడి హాకీ ప్రసారాల్లో దశాబ్దాలుగా పేరుమోసిన వ్యాఖ్యాత డాన్ చెర్రీ 2019 నవంబర్‌లో, వలస వచ్చినవాళ్లు ఈ దేశపు పాలూ తేనే తాగుతారు గానీ పాపీ కొనరని ప్రసారంలో అన్నాడు. రెండు రోజుల్లో ఉద్యోగం పోయింది. పోవాల్సిందే. టొరంటోలో, లండన్‌లో బతుకుతున్న తెలుగు కుటుంబాలకు ఆ మాట నేరుగా తగులుతుంది.

నిజానికి ఆ పువ్వులో మన రక్తమూ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో భారత ఉపఖండం నుంచి పది లక్షలకు పైగా మంది విదేశీ రణరంగాలకు వెళ్లారు, 74,000 మందికి పైగా తిరిగి రాలేదు. ఢిల్లీలో తీన్‌మూర్తి కూడలిలో నిలబడ్డ మూడు కంచు విగ్రహాలు జోధ్‌పూర్, మైసూరు, హైదరాబాద్ సంస్థానాల అశ్వికులవి. పశ్చిమ గోదావరి ప్రాంతంలో మిలిటరీ మాధవరం అన్న పేరే ఆ యుద్ధకాలం నుంచి సైన్యంలో చేరుతూ వచ్చిన కుటుంబాల వల్ల స్థిరపడింది. 2018లో శతాబ్ది సందర్భంగా బ్రిటన్‌లో ఖద్దరు గుడ్డతో పాపీలు చేసి భారతీయ సైనికులను తలచుకున్నారు. ఎంత ఆలస్యమైనా ఆ పని నన్ను కదిలించింది. కానీ ఆ యుద్ధం ముగిసిన అయిదు నెలలకే, 1919 ఏప్రిల్ 13న, అదే బ్రిటిష్ ఇండియా సైన్యం జలియన్‌వాలా బాగ్‌లో కాల్చింది. హైదరాబాద్ అశ్వికుడికి దండం పెట్టే చేతితోనే జలియన్‌వాలా బాగ్ సైన్యానికీ పూలు చల్లమంటే మనకు ఎలా ఉంటుంది? మెక్లీన్ ఉత్తరం మనకు సులువుగా అర్థం కావాలి.

క్రికెట్‌లో మనమూ ఈ ప్రశ్న ముందు నిలబడ్డాం. 2014 జులైలో సౌతాంప్టన్ టెస్టులో ఇంగ్లండ్ ఆటగాడు మొయీన్ అలీ గాజా, పాలస్తీనాల పేర్లున్న మణికట్టు పట్టీలతో బ్యాటింగ్‌కు దిగితే ఐసీసీ రెఫరీ తీసెయ్యమన్నాడు. అదే టెస్టులో ఇంగ్లండ్ ఆటగాళ్ల కాలర్ల మీద గాయపడ్డ సైనికుల సహాయ సంస్థ గుర్తు ఉంది, దానికి అభ్యంతరం రాలేదు. 2019 మార్చి 8న రాంచీలో, పుల్వామా దాడి తర్వాత, భారత జట్టు సైనిక టోపీలతో ఆస్ట్రేలియా మీద ఆడింది, మ్యాచ్ ఫీజులు జాతీయ రక్షణ నిధికి ఇచ్చింది. ఐసీసీ ముందుగానే అనుమతించింది. పాకిస్తాన్ బోర్డు అది రాజకీయం అని ఫిర్యాదు చేసింది. మూడు నెలల తర్వాత ప్రపంచ కప్‌లో ధోనీ గ్లవ్స్ మీద పారా దళాల బలిదాన్ చిహ్నం కనిపిస్తే మాత్రం ఐసీసీ తీయించింది. 2023 డిసెంబర్‌లో పెర్త్‌లో ఆస్ట్రేలియా ఆటగాడు ఉస్మాన్ ఖవాజా ఏ అక్షరమూ లేని నల్ల పట్టీ కట్టుకుంటే మందలించింది. ఇన్నిటినీ ఒకే కొలతతో కొలిచారని ఎవరూ చెప్పలేరు. రాంచీ టోపీలను చూసి గర్వపడ్డ మనం, మొయీన్ పట్టీని చూసి ఆటలో రాజకీయమేమిటని అంటే మన మాట నిలబడదు.

అందుకని నిషేధం వైపు నేను లేను. దేశం పంపిన యుద్ధంలో చనిపోయిన మనిషిని బహిరంగంగా తలచుకోవడం రాజకీయమే, గౌరవప్రదమైన రాజకీయం. దాన్ని మైదానం నుంచి గెంటేస్తే పోయేది మైదానం గౌరవమే. అయితే ఆ చోటు పాపీకి ఇచ్చినట్టే ఖవాజా నల్ల పట్టీకీ ఇవ్వాలి, ఈస్టర్ తిరుగుబాటు స్మృతికీ ఇవ్వాలి.

ఫుట్‌బాల్ నియమాలు రాసే మండలి 2017లో కొంత దారి ఇచ్చింది. ముఖ్యమైన జాతీయ, అంతర్జాతీయ సందర్భాన్ని స్మరించేటప్పుడు ఎదుటి జట్టు, వాళ్ల అభిమానులు, ప్రజల మనోభావాలను జాగ్రత్తగా చూడాలని నియమంలో చేర్చింది. ఎదుటి జట్టూ నిర్వాహకులూ ఒప్పుకుంటే పాపీకి అడ్డు లేదు. ఆ ఏడాది నవంబర్ 10న వెంబ్లీలో ఇంగ్లండ్‌తో ఆడడానికి వచ్చిన జర్మనీ ఆటగాళ్లు కూడా పాపీ ఉన్న నల్ల పట్టీలు కట్టుకున్నారు. ఎవరూ వాళ్లను బలవంతపెట్టలేదు. సోమ్ నేలలో ఎదురెదురుగా పడి ఉన్న రెండు వైపుల కుర్రాళ్లకు అంతకంటే తగిన నివాళి నాకు తోచదు.

ఆ నియమం ఎదుటి జట్టును అడిగింది, నిర్వాహకులను అడిగింది. సొంత జట్టులోని ఆటగాణ్ణి అడగమని చెప్పలేదు. ఇవాళ కూడా క్లబ్ ముందుగానే పువ్వును జెర్సీకి వేయించేస్తుంది. వద్దనుకున్నవాడు వెళ్లి పువ్వు లేని జెర్సీ విడిగా అడిగి తీసుకోవాలి. పదకొండు మందిలో ఒక్కడి ఛాతీ ఖాళీగా ఉంటే మొదటి నిమిషంలోనే కెమెరా పట్టేస్తుంది, ఆ నెలంతా అతనికి నరకమే. పాపీ ధరించడం వ్యక్తిగత ఇష్టమని లీజియనే చెబుతూ వస్తోంది. క్లబ్బులు ఆ మాటను అక్షరాలా పాటించవచ్చు. జెర్సీలు మామూలువే ఉంచి, డ్రెస్సింగ్ రూమ్‌లో ఒక పెట్టె నిండా పాపీలు పెట్టి, మౌనం పాటించే వేళ కోటు మీద గుచ్చుకోదలచినవాళ్లను గుచ్చుకోనివ్వాలి. ఆ జెర్సీలనూ వేలం వేయవచ్చు, డబ్బు గాయపడ్డ సైనికుడికే వెళ్తుంది. మెక్లీన్ లాంటి మరో కుర్రాడు ఏ క్లబ్‌లో చేరినా నవంబర్‌లో ఎవరికీ ఉత్తరం రాయాల్సిన పని ఉండదు.